గోనెల గదికి లోపలి గడియ

ఆ నవల అచ్చు కాలేదు. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివి ఎవరూ నన్ను చూసి అయ్యో అనక్కర్లేదు. ఒక వారపత్రికకు పంపితే తిరిగొచ్చింది. ఇంకోదానికి పంపితే తిరిగి కూడా రాలేదు. ఆ తర్వాత రాసినవాటిలో కొన్ని అచ్చయ్యాయి, వాటి గురించి ఎవరైనా అడిగితే మర్యాదగా జవాబు చెబుతాను. కానీ ఇప్పటికీ నాకు ఒళ్ళు వేడెక్కేది మాత్రం ఆ మొదటిదాని గురించి మాట్లాడినప్పుడే. దాన్ని ఒక్క నెలలో రాశాను. ఆ నెల ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. ఆషాఢం ఇచ్చింది. అందులోనూ సగం పోట్లాడి తెచ్చుకున్నాను.

తొంభైల చివర్లో, ఒక వైశాఖంలో నాకు పెళ్ళయింది. మా నాన్నది బంధుగాంలో కిరాణా కొట్టు. సంతరోజు కొండల మీంచి దిగేవాళ్ళ దగ్గర చింతపండు, పసుపు, అల్లం కొంటాడు. అత్తవారిది రాయగడ బజార్లో హోల్‌సేల్ వ్యాపారం. నాన్న కొన్న చింతపండు చివరికి చేరేది అలాంటి కొట్లకే కాబట్టి, నన్నూ ఆ దారినే పంపించాడని మా బంధువులు వేళాకోళం చేసేవారు. అత్తవారిల్లు కింద కొట్టు, వెనక గోడౌను, మేడ మీద కాపురం. మేడ మెట్ల చివర ఒక చిన్న గది ఉండేది. అందులో ఖాళీ గోనెసంచులు కుక్కి పెట్టేవారు. దానికి ఒక కిటికీ, కిటికీలోంచి చూస్తే కొండ, రైలు పట్టాలు. తలుపుకి బయట గొళ్ళెం ఉంది గాని లోపల గడియ లేదు. గోనెసంచులు లోపల్నుంచి గడియ వేసుకోవు కదా.

నా కన్ను ఆ గది మీద పడింది. పెళ్ళికి ముందు కథలు రాసుకునేదాన్ని. పెళ్ళయితే అవన్నీ పోతాయని అందరూ ధైర్యం చెప్పేవారు, అదేదో జ్వరమైనట్టు. నాకది తగ్గకూడదు. కానీ ఆ ఇంట్లో పగటిపూట తలుపు వేసుకునే ఆడమనిషి అంటే ఒంట్లో బాగాలేనిది, లేకపోతే బుద్ధి బాగాలేనిది. పది నిమిషాలు ఒకచోట కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. పిలిచింది పప్పు డబ్బా ఎక్కడుందో అడగడానికే అయి ఉంటుంది, అయినా లేవాలి.

మా అత్తగారిది పెద్ద గొంతు. ఏ మాటైనా తేల్చి చెప్పేముందు ముక్కు ఎగబీల్చేది. ఎగబీల్చిందంటే ఇంక ఆ విషయం మీద ఇంట్లో ఎవరూ మాట్లాడరు, మామగారితో సహా. ఆవిడకు ఒకటే వ్యసనం, సీరియల్ నవలలు. వారపత్రిక విశాఖపట్నం నుంచి రైల్లో వచ్చేది. వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళం అందరం గుండ్రంగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటే, ఆవిడ మధ్యలో కూర్చుని సీరియల్ పైకి చదివేది. చదువుతూనే హీరోని తిట్టేది, హీరోయిన్‌కి బుద్ధులు చెప్పేది.

ఒకరోజు అలాగే చదువుతోంది. సీరియల్లో హీరోయిన్ వారాల తరబడి మేడ మీద నిలబడి సముద్రం వైపు చూస్తూనే ఉంది. ఎంతకీ దిగదు. నాకు విసుగెత్తింది. కొత్తకోడలినన్న సంగతి మరిచిపోయి, "ఇంతకంటే నాను బాగా రాస్తాను" అనేశాను.

అందరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు. పత్రిక ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఏటన్నావ్?"

"నవల రాస్తానన్నానండి."

"నవలంటే పోపనుకుంతన్నావేటే అమ్మీ, నాలుగు ఆవాలేసి దింపేడానికి? ఏళ్ళు పడతాది."

"నాకు నెల్లాళ్ళు సాలు."

నెల్లాళ్ళని ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు. నోరు జారింది, అంతే. జారిన మాట వెనక్కి తీసుకోవడం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. అత్తగారు ముక్కు ఎగబీల్చింది.

"అయితే ఇను. వచ్చేది ఆసాడం. నువ్వు మీ అమ్మింటికి ఎల్తావు కదా. ఆసాడం అయ్యేలోగా రాసేసి తే. తెచ్చేవా, నువ్వు వచ్చినకాడ్నుంచి సూస్తన్న ఆ గోనెల గది నీకే ఒగ్గేస్తాను. తేలేదా, ఇంక ఈ ఇంట్లో నువ్వు రాతా గీతా అనకూడదు. నాను సదివితే నోర్మూసుకుని ఇనాలి."

గది మీద నా కన్ను ఆవిడ కనిపెట్టిందని అప్పుడు తెలిసింది. సిగ్గుపడాల్సింది. పడలేదు.

"లోపల గడియ కూడా పెట్టించాలి," అన్నాను.

పెద్ద తోటికోడలి చేతిలో మిరపకాయ చేతిలోనే ఉండిపోయింది. కింద త్రాసు దగ్గర్నుంచి ఏదో పనిమీద పైకొచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయి తల పట్టుకున్నాడు.

"గడియా?" అంది అత్తగారు. "అలాగే. పెట్టిస్తాను. సూద్దాం."

అలా పందెం పడింది. పైకి బింకంగా ఉన్నాను గాని లోపల భయమే. ఓడిపోతే నన్నెవరూ ఆపక్కర్లేదు, నా నోటితో నేను ఒప్పుకున్న మాట ప్రకారం నేనే మానేయాలి. అంతకంటే పెద్ద శిక్ష ఆ వయసులో నేను ఊహించలేకపోయాను.

ఆషాఢంలో కొత్తకోడలూ అత్తా ఒకే గడప దాటకూడదన్న ఆచారం ఎవరు పెట్టారో గాని వాళ్ళకు దణ్ణం పెడతాను. పురోహితుడు పంచాంగం చూసి చెప్పిన రోజున నాన్న వచ్చి నన్ను తీసుకెళ్ళాడు. రాయగడ నుంచి బంధుగాం వెళ్ళాలంటే పార్వతీపురం మీదుగా వెళ్ళాలి. ఒడిశాలోంచి ఒడిశాలోకి పోవడానికి మధ్యలో ఆంధ్రాలోకి దిగి మళ్ళీ ఎక్కాలి, మా బతుకే అంత. పార్వతీపురంలో బస్సు కోసం ఆగినప్పుడు దస్తాలకు దస్తాలు తెల్లకాగితం కొనిపించాను.

"ఇన్ని కాయితాలెందుకమ్మీ?" అన్నాడు నాన్న. "పొట్లాలు కట్టడానికా?"

"నవల రాయడానికి."

నాన్న దస్తాలు చంకన పెట్టుకుని బస్సెక్కాడు. బస్సు కొండదారిలో ఘాటీ ఎక్కుతుండగా, ఆలోచించి ఆలోచించి ఒక మాట అన్నాడు.

"నవలంటే మరి ఇశాపట్నం ఉండాలి కదమ్మీ. సముద్రం ఉండాలి. కారుండాలి. మన్దగ్గరేటుంది? సంతా, సింతపండూను. ఎవులు సదువుతారు?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అప్పటిదాకా నేను ఏం రాయాలో నిజంగా తెలీదు. నిజం చెప్పాలంటే, నా మనసులోనూ సముద్రం, కారు ఉన్నాయి. నాన్న అలా అనగానే ఆ రెండూ అక్కడే ఘాటీలో దిగిపోయాయి. ఎవరూ చదవరా? అయితే దాని గురించే రాస్తాను. మొదటి వాక్యంలోనే చింతపండు పెట్టాను. రెండో వాక్యంలో రాయగడ పెట్టాను, పేరుతో సహా. మా తెలుగు పుస్తకాల తెలుగు కాదని అందరూ అంటారు. నిజమే, మేం సంతలో కొండవాళ్ళ మాట దేశియాలో బేరమాడతాం, ఆఫీసులో ఒడియాలో దండం పెడతాం, ఇంటికొచ్చి తెలుగులో తిట్టుకుంటాం. ఆ మూడూ కలిపే రాశాను. నచ్చనివాళ్ళు సముద్రం చూసుకుంటూ కూర్చోవచ్చు.

రాసింది కొట్టు వెనక గదిలో. పైకప్పులో ఒక గాజు పెంకు ఉండేది, దాని కింద బియ్యం బస్తా, బస్తా మీద నేను. ఆ వెలుగు ఉన్నంతసేపు రాసేదాన్ని. వానాకాలం కదా, చీకటి పడితే కరెంటు ఉండేది కాదు, ఉన్నా నాకు నిద్రొచ్చేది. అర్ధరాత్రి దీపం కింద రాసేవాళ్ళ గురించి విన్నాను గాని నేను ఆ జాతి కాదు. సంతరోజు ముందు గదిలో కేకలు, తూకం రాళ్ళ చప్పుడు, నాన్న గొంతు. అవన్నీ నా పేజీల్లోకి వచ్చి కూర్చునేవి. రానిచ్చాను.

ఇరుగుపొరుగు అమ్మలక్కలు కొత్తపెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చేవారు. వచ్చినవాళ్ళకు నా వీపు కనిపించేది.

"ఏటే అమ్మీ, మొగుడికా ఉత్తరం? అంత పొడుగేటే?"

"ఔను పిన్నీ, శానా సెప్పాలి," అనేదాన్ని. వాళ్ళు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. మూడోసారి వచ్చినప్పుడు కూడా నేను అలాగే రాస్తూ కనిపించేసరికి నవ్వు మానేసి మా అమ్మను పక్కకు పిలిచి, అల్లుడితో ఏమైనా తేడా వచ్చిందా అని అడిగారు.

అమ్మకు నా నవల మీద కోపం లేదు, నా చేతి మీద ఉంది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోకపోతే ఆవిడ ఊరుకోదు. పుట్టింటికి వచ్చిన పిల్ల, మొదటి ఆషాఢం. రోటి నిండా రుబ్బి తెచ్చింది. రెండు చేతులకూ పెట్టి, వేళ్ళకు టోపీలు తొడిగి, ఆకులు చుట్టి కట్టేస్తే ఆ పూటకు నాకు కలం పట్టే వీలుండదు. పండేదాకా కదలనివ్వదు. అప్పుడే ఒక అధ్యాయం నడక అందుకుంది.

ఎడమచెయ్యి చాపాను.

"రెండోది?"

"రెండోది ఇవ్వను."

"ఒంటి సేతికి పెట్టుకుంతారేటే? ఎవులైనా సూస్తే ఏటనుకుంతారు?"

"కుడిసేతికి పనుందని అనుకుంతారు."

అమ్మ గిన్నె విసురుగా కింద పెట్టి, ఎడమచేతికే పెట్టింది. కోపంలో పెట్టినందుకేమో, ఆ ఏడు పండినట్టు మళ్ళీ ఎప్పుడూ పండలేదు. ఎడమచెయ్యి ఎర్రగా, కుడిచెయ్యి సిరా మరకలతో. నా రెండు చేతులూ చూసుకుంటే నాకే గర్వంగా ఉండేది.

నా నవలలో ఒక అత్త ఉంది. ఉండదా మరి? ఆవిడ ముక్కు ఎగబీల్చి తీర్పులు చెబుతుంది. ఎవర్ని చూసి రాశానో దాచుకునే ఓపిక కూడా నాకు లేదు. చివరి అధ్యాయంలో ఆవిణ్ణి మేడ మెట్ల మీంచి పడేసి చంపాలని ముందే నిశ్చయించుకున్నాను. మెట్లకు పాచి కూడా పట్టించి ఉంచాను. కానీ కొన్నాళ్ళు కథ మొండికేసింది. మనుషులందరూ ఒక గదిలో కూర్చుని, ఎవరూ లేవరు, ఎవరూ మాట్లాడరు. నేను రాసింది నేనే కొట్టేసేదాన్ని. ఏడ్చాను కూడా. ఏడుస్తూనే మళ్ళీ బస్తా మీద కూర్చున్నాను. ఓడిపోయి వెళ్ళి ఆ మిరపకాయల ముందు నోరు మూసుకుని కూర్చోవడం కళ్ళముందు కనిపించేది. అదే నన్ను లేవనిచ్చేది కాదు.

సగం దాటాను. కథ మళ్ళీ కదిలింది. సరిగ్గా అప్పుడు, పున్నమి మర్నాడు, అత్తగారు దిగింది.

వాన పడుతోంది. బస్సు ఆగిన చప్పుడు, తర్వాత అమ్మ గొంతు, "ఓలమ్మో! వదిన్గారు!" అని. నేను కాగితాలు పట్టుకునే వీధి గుమ్మంలోకి వచ్చాను. అత్తగారు గొడుగు మూస్తూ అరుగెక్కుతోంది. చంకలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పంజికా, ఒడియావాళ్ళ పంచాంగం. మా అత్తవారి కొట్లో గోడకు వేలాడేది అదే.

"ఆసాడం అయిపోయింది," అంది. "సర్దుకో. ఏదీ నవల?" అంటూ గడప మీదికి కాలెత్తింది.

"అత్తా! గడప తొక్కకండి!" అని అరిచాను.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. ఆవిడ మీద ఎవరైనా అరవడం అదే మొదటిసారి అనుకుంటాను.

"ఇంకా ఆసాడమే," అన్నాను. "మనకి అమాస దాకా ఆసాడమే. ఆ పంజికా ఒడియావోళ్ళది. ఆళ్ళకి పున్నానికి నెల అయిపోతాది."

ఇక్కడ రెండు పంచాంగాల కింద బతికేవాళ్ళకు ఇది కొత్త విషయం కాదు. మాకు అమావాస్యతో నెల ముగుస్తుంది, వాళ్ళకు పున్నమితో. పక్కింటి ఒడియావాళ్ళు కార్తీక దీపాలు మొదలుపెట్టిన పదిహేను రోజులకు మేం మొదలుపెడతాం. ఆ తేడా పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ అత్తగారు నన్ను పంపేటప్పుడు పురోహితుడి తెలుగు పంచాంగం చూసి పంపింది, తీసుకెళ్ళేటప్పుడు గోడ మీది పంజికా చూసి వచ్చింది. మొదలు ఒకరిది, చివర ఇంకొకరిది తీసుకునేసరికి నా నెల సగమైపోయింది. ఆవిడ నిజంగా పొరబడిందా, పందెం గెలవడానికి చేసిందా, వానల్లో ఇంటి పనికి మనిషి కావాలని చేసిందా, నాకు ఈ రోజుకీ తెలీదు. అడిగితే ముక్కు ఎగబీల్చేది.

నాన్న కొట్లోంచి మన పంచాంగం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ రెండూ తిప్పి చూసింది. కాలు వెనక్కి తీసుకుంది. ఆచారం తప్పితే ఇంటికి మంచిది కాదని నమ్మే మనిషి. నేను గడప లోపల, ఆవిడ గడప బయట. తిరుగు బస్సు సాయంత్రానికి గాని లేదు. ఆవిడ అరుగు మీద చతికిలబడింది. అమ్మ టీ తెచ్చి అరుగు మీదే ఇచ్చింది.

అత్తగారి చూపు నా చేతుల మీద పడింది.

"కుడిసెయ్యేటి బోడిగా ఉంది?"

"రాస్తన్నాను కదండీ."

ఆవిడ టీ తాగి గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి చాపి, "రాసినకాడికి ఇలాగియ్యి," అంది.

"ఇవ్వను. పూర్తయ్యేదాకా ఎవులికీ ఇవ్వను."

"అయితే సదువు. ఎలాగూ కూకున్నాను కదా."

గడప లోపల పీట వేసుకుని కూర్చున్నాను. వాన హోరుకు గొంతు పెంచి చదవాల్సి వచ్చింది. మొదటి వాక్యం అయిందో లేదో ఆవిడ చెయ్యెత్తింది.

"ఆగు. రాయగడ అని రాసేవా? పేరెట్టేసేవా?"

"ఎట్టేను."

"మన బజారు కూడానా?"

"ఆఁ."

ఆవిడ వాన వైపు తిరిగింది. "ఇన్నేళ్ళ నుంచి సదువుతన్నాను. ఏ నవల్లోనూ రాయగడ సూళ్ళేదు," అంది. "కానీ. సదువు."

చదివాను. అధ్యాయం తర్వాత అధ్యాయం. ఆవిడ ఇంట్లో సీరియల్‌కి చేసినట్టే మధ్యమధ్య ఒకణ్ణి తిట్టింది, ఇంకొకామెకు బుద్ధి చెప్పింది. నేను రాసిన మనుషుల్ని ఎవరో నిజమైన మనుషుల్లా తిట్టడం మొదటిసారి విన్నాను. ఒళ్ళు పులకరించింది. ఆ సంబరంలో ఉండగానే అత్త వచ్చే అధ్యాయం వచ్చింది. మెల్లిగా నాలుగు కాగితాలు కలిపి తిప్పేశాను.

"ఏదో దాటేసేవు."

"లేదండి."

"నాకు సెప్పకు. నాను కూడా బాగోని సోట్ల దాటేస్తాను. దాటేస్తే గొంతు మారతాది. ఎనక్కెళ్ళు."

తప్పలేదు. అయినా ఎందుకు భయపడాలి? రాసింది నేనే, చదివేదీ నేనే. వెనక్కి తిప్పి, తల ఎత్తుకునే చదివాను. ముక్కు ఎగబీల్చడం చదివాను. తాళాలగుత్తి చప్పుడుకు కోడళ్ళు లేచి నిలబడడం చదివాను. తర్వాత ఇది కూడా చదివాను: 'ఆవిడ గొంతెత్తి చదవడం దర్పమని అందరూ అనుకునేవారు. కాదు. ఆ ఇంట్లో ఆడమనిషి ఒక్కతే కూర్చుని చదువుకుంటే సోమరితనం, పదిమందికి వినిపిస్తే కాలక్షేపం. ఇల్లంతా ఏలింది గాని, ఇల్లంతటిలో తలుపు వేసుకుని కూర్చోడానికి తనకంటూ ఒక మూల లేదు.' ఆవిణ్ణి దెప్పిపొడవాలని రాసిన వాక్యాలవి. చదువుతుంటే దెప్పినట్టు వినిపించలేదు.

లోపల అమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. అత్తగారు చాలాసేపు చూరు నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

"నాను అలా ముక్కు ఎగబీలుస్తానేటి?" అంది చివరికి. అంటూనే ఎగబీల్చింది.

నాకు నవ్వు ఆగలేదు. ఆపుకోవాలని చూసి, ఆగక, కాగితాల చాటున నవ్వాను. ఆవిడ మూతి బిగించింది గాని మూతి చివర ఏదో కదిలింది.

"తర్వాతేటి?"

"తర్వాతది రాయలేదు. ఇంతలో మీరొచ్చేరు."

"సివర్న ఆవిడికేటవుద్ది?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "సచ్చిపోద్ది. మెట్ల మీంచి పడి."

"మెట్ల మీంచా?" ఆవిడ నిజంగా నొచ్చుకుంది. "ఆ మెట్లా? బస్తా నెత్తినెట్టుకుని, కళ్ళు మూసుకుని ఎక్కుతాను నాను! మెట్ల మీంచి పడ్డమేటే, సిన్నపిల్లలాగ!"

బస్సు హారన్ వినిపించింది. ఆవిడ లేచి గొడుగు తీసుకుంది. నేను గడప లోపల్నుంచే లేచి నిలబడ్డాను.

"అమాస దాకా ఉంది కదా," అంది నా మొహం చూడకుండా. "సరిగ్గా ఆలోసించి రాయి."

వాన్లో పడి వెళ్ళిపోయింది. పంజికా అరుగు మీదే మరిచిపోయింది. అమ్మ దాన్ని తీసుకొచ్చి అటకెక్కించింది.

మిగిలిన ఆషాఢం ఎలా గడిచిందో నాకు సరిగ్గా జ్ఞాపకం లేదు. అన్నం తిన్నట్టే ఉంది, స్నానం చేసినట్టే ఉంది. ఆవిడ చెప్పింది కదా అని కథ మార్చకూడదని పంతం పట్టాను. చంపుతానన్నాను, చంపుతాను. తీరా ఆ అధ్యాయం వచ్చాక ఎంత తోసినా ఆవిడ మెట్ల మీంచి పడదే! పాచి మీద కూడా గట్టిగా అడుగేసి ఎక్కిపోతోంది. చివరికి విసుగెత్తి వదిలేశాను. చంపలేదు. అలాగని మంచిదాన్నీ చేయలేదు. ఆఖరి పేజీలో కూడా ముక్కు ఎగబీలుస్తూనే ఉంటుంది. ఆ మాత్రం పట్టు నాకూ ఉండాలి కదా.

అమావాస్యకు ముందు వచ్చిన సంతరోజు, ముందు గదిలో చింతపండు తూస్తుండగా ఆఖరి వాక్యం రాశాను. కాగితాలన్నీ సర్ది గోనెదారంతో కట్టాను. బయటికొచ్చి నాన్నకు చూపించాను. ఆయన త్రాసు వదిలి, కట్టను చేత్తో బరువు చూశాడు.

"అన్నీ రాసేసేవేటే? పొట్లాలకి ఒకటైనా మిగల్లేదా?" అన్నాడు. తర్వాత కొట్లో ఉన్న ప్రతివాడికీ, దేశియాలో కొందరికి, తెలుగులో కొందరికి, మా అమ్మాయి పుస్తకం రాసిందని చెప్పాడు. సముద్రం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

శ్రావణం రాగానే రాయగడ వెళ్ళాను. మా ఆయన స్టేషనుకొచ్చి పెట్టె పట్టుకున్నాడు, కట్ట మాత్రం నేనే పట్టుకున్నాను. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఈసారి ఇద్దరం ఒకే గడప దగ్గర.

"తెచ్చేవా?"

"తెచ్చేను."

ఆవిడ కట్ట అందుకుంది. తోటికోడళ్ళు అప్పుడే మిరపకాయల బుట్టలు తెచ్చి గుండ్రంగా సర్దేశారు, మధ్యలో ఆవిడకు పీట కూడా వేశారు. ఆవిడ ఆ పీట వైపు చూడలేదు. తిన్నగా మేడ మెట్లెక్కింది. నేనూ వెనకే వెళ్ళాను.

గోనెసంచులు లేవు. నేల కడిగి ఉంది, అయినా గోనె వాసన పోలేదు. కిటికీ కింద ఒక పాత బల్ల. తలుపుకు లోపలి వైపు కొత్త గడియ, ఇంకా నూనె మెరుస్తోంది.

"సదవకముందే పెట్టించేసేరేటండీ?" అన్నాను.

"వడ్రంగి ఊరెల్లిపోతానన్నాడు. మళ్ళీ దొరకడని పెట్టించేను," అని కసిరింది.

తర్వాత కట్టతో సహా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడింది. కొత్త గడియ కదా, గట్టిగా పడింది. కింద అందరికీ వినిపించే ఉంటుంది.

నా గది. నేను గెలుచుకున్న గది. అందులో నేనింకా కూర్చోనైనా లేదు. కోపం రావాలి. రాలేదు. మెట్ల మీద నిలబడిపోయాను.

కింద టీ వేళయింది. అత్తగారి పేరు పెట్టి ఎవరూ పిలవరు, "ఏమే, టీ" అని మామగారి కేక రావడమూ, టీ వెళ్ళడమూ ఒక్కసారే జరుగుతాయి. ఆ రోజు కేక వచ్చింది, టీ వెళ్ళలేదు. రెండో కేక వచ్చింది. కాసేపటికి ఆయనే మెట్లెక్కి వచ్చారు. మూసిన తలుపు చూసి ఆయన మొహం మారిపోయింది.

"ఏటి, పట్టపగలు తలుపేసుకుంది? ఒంట్లో బాలేదా?" అంటూ కొట్టడానికి చెయ్యెత్తారు.

అప్పటిదాకా మామగారికి ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. ముందుకెళ్ళి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. లోపల కాగితం తిప్పిన చప్పుడు, ఆ వెంటనే ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించాయి.

"బాగానే ఉన్నారు మావయ్యా," అన్నాను. "సదువుకుంతన్నారు. టీ నాను ఎట్టిస్తాను గాని, తలుపు మాత్రం కొట్టకండి."